తంటెం, కసివింద: రెండింటిని వేరుపరచుట ఎట్లు?

తొలకరి వానలు పడిన పది పదిహేను దినములకు గట్లమీదను, బాటల ప్రక్కలను, ఊరి వెలుపలి పెంటదిబ్బలమీదను దట్టముగా మొలచు మొక్కలలో తంటెం ఒకటి. దీనిని కొన్ని చోట్ల తగిరిస అనియు, చిన్న కసింద అనియు పిలుతురు. దీనితోపాటు అవే తావులలో మొలచు మరియొక మొక్క కసివింద. దీనిని కసింద అనియు అందురు. రెండును తంగేటి జాతివే. రెండింటికిని పసుపుపచ్చని పువ్వులే. రెండింటి ఆకును నలిపినను వెగటు వాసనయే. పైరులో కనబడినప్పుడు రైతు ఈ రెండింటిని ఒకే చూపు చూచి, ఒకే కొడవలితో కోసి గట్టున పారవేయును.

కలుపుగా చూచినంతవరకు ఇందులో తప్పేమియు లేదు. అయితే లేత తంటెం ఆకును కూర వండుకొను ఇండ్లు మనలో కలవు. తంటెం విత్తనమును ఏరి సంతలో అమ్ముకొను కుటుంబములు కలవు. కసివింద విత్తనమో, తినిన పసిబిడ్డ ప్రాణమును కొలది దినములలోనే తీయగలది; పశువులను నిలువునా కూల్చగలది. కనుక ఈ రెండింటిని ఎడమచేయి, కుడిచేయి వలె గుర్తు పట్టుట ప్రతి రైతు ఇంటను, ముఖ్యముగా ఆకుకూర ఏరుకొని వచ్చు స్త్రీలకును, పశువులు కాచు పిల్లలకును తెలిసియుండవలెను.

పేరును నమ్మరాదు

మొట్టమొదట చెప్పవలసినది పేర్ల సంగతి. మనలో తంటెమును చిన్న కసింద అనువారున్నారని పైన చెప్పితిని. ఆ పేరు విన్నవారు, రెండును ఒకటే మొక్క యనియు, ఒకటి చిన్నది, ఒకటి పెరిగినది యనియు తలచుట సహజము. రాయలసీమలో చెన్నంగి అను పేరును కసివిందకు వాడువారు కలరు. అడవి ప్రాంతములలో అదే పేరు కలప నిచ్చు ఒక పెద్ద చెట్టుకు ఉన్నది. ఒరియా భాషలో తంటెమును చకుండ అందురు, కసివిందను బన చకుండ, అనగా అడవి చకుండ అందురు. సంస్కృతములో మాత్రము పేర్లు వేరుగనే యున్నవి: తంటెము చక్రమర్దము, అనగా గుండ్రని తామరను అణచునది; కసివింద కాసమర్దము, అనగా దగ్గును అణచునది. మన కసివింద అను మాటలోను ఆ కాసము వినబడుచునే యున్నది.

శాస్త్రజ్ఞులు సైతము ఈ కుటుంబమును సర్దుటలో చాలకాలము తడబడిరి. 1753లో లిన్నేయస్ ఈ రెండింటిని కేసియా అను ఒకే ప్రజాతిలో చేర్చెను. అటుపిమ్మట తంటెమునకు సెన్నా టోరా అను పేరు పెట్టినవాడు విలియం రాక్స్‌బర్గు. ఆయన 18వ శతాబ్ది చివరి భాగమున మన సామర్లకోటలో నివసించి, కోరమాండల్ తీరపు మొక్కలను బొమ్మలు గీయించి వర్ణించిన వైద్యుడు. కసివింద సెన్నా ఆక్సిడెంటాలిస్ అయినది. 1982లో ఇర్విన్, బార్నెబీ అను అమెరికా శాస్త్రజ్ఞులు కేసియాను మూడుగా విడదీసిన పిదప ఈ సెన్నా అను పేరే స్థిరపడినది. అయినను పాత పుస్తకములలోను, విత్తన వ్యాపారుల కాగితములలోను కేసియా టోరా, కేసియా ఆక్సిడెంటాలిస్ అనియే కనబడును. మన తంగేడు కూడ సెన్నాయే. రేల మాత్రము కేసియాగనే మిగిలినది.

గుర్తించు విధము

మొక్కను దూరమునుండి చూచి నిర్ణయింపరాదు. తంటెము సాధారణముగా మోకాలెత్తునుండి నడుమెత్తువరకు పెరుగు ఏకవార్షికము. కాపు ముగియగనే ఎండిపోవును. కసివింద నడుము మించి, సారవంతమైన దిబ్బలమీద మనిషి ఎత్తు వరకును పెరుగును. మొదలు కట్టెబారి, తేమయున్నచోట రెండవ ఏటికిని నిలుచును. కాని మెట్టచేలో ఎదుగక కుంటుపడిన కసివింద, నీటికాలువ గట్టున ఏపుగా పెరిగిన తంటెముకంటె పొట్టిగా ఉండుట కద్దు. కనుక ఎత్తు మన గుర్తు కాదు.

ఆకును చేతికి తీసికొనుడు. రెండింటి ఆకును ఒకే కాడకు ఇరువైపుల చిట్టాకులు జతలు జతలుగా కూర్చినట్లుండును. తంటెమునకు మూడు జతలు మాత్రమే ఉండును. చిట్టాకు మొదట సన్నమై, కొనవైపు వెడల్పై, కొన గుండ్రముగా ఉండును. కొనన ఉన్న జత అన్నిటికన్న పెద్దది. కసివిందకు జతలు నాలుగైదు, ఒక్కొక్కప్పుడు మూడు, ఆరు కూడ ఉండవచ్చును. చిట్టాకు మొదట వెడల్పుగా ఉండి, కొన ఈటెవలె మొనదేలి యుండును. ఒక్కమాటలో చెప్పవలెనన్న తంటెము ఆకు కొన వ్రేలికి గ్రుచ్చుకొనునట్లు ఉండదు. కసివింద ఆకు కొన ఉండును. పదిమందిలో తొమ్మిదిమందికి ఈ గుర్తే చాలును. అయితే మొలక ముదరని లేత దశలో, కూరకు గిల్లునాటికి, ఆకు కొనలు ఇంకను తేలియుండవు. కూరకు కావలసినది ఆ లేత ఆకే గనుక, అంతకంటె గట్టి గుర్తు ఒకటి కావలెను.

అట్టి గుర్తు ఒకటున్నది. అది ఆకుకాడమీది గ్రంథి. ఈ వ్యాసములో మరేది మరచినను దీనిని మరువవలదు. ఆకును వెలుతురుకు ఎదురుగా పట్టి, కాడను మొదటినుండి కొనవరకు పరిశీలింపుడు. తంటెములో కాడ మొదలు నున్నగా ఉండును. అన్నిటికన్న క్రింది జత చిట్టాకుల నడుమ, సన్నని పుల్లముక్కవలె నిలబడిన చిన్న గ్రంథి కనబడును. సరియైన తంటెములో దాని పై జత నడుమ కూడ అట్టిదే మరియొకటి ఉండును. క్రింది జత నడుమ ఒక్కటి మాత్రమే యున్న మొక్క దాని తోబుట్టువైన సెన్నా ఆబ్ట్యుసిఫోలియా. రైతునకు ఈ రెండింటికి భేదము లేదు, విత్తనపు వ్యాపారమునను రెండును ఒకటిగనే చెల్లుబడియగును. ఇక కసివిందలో చిట్టాకుల నడుమ ఏమియు ఉండదు. గ్రంథి కాడ మొదటనే, అనగా ఆకు కొమ్మను అంటుకొను చోటికి ఇంచుమించు ఆనుకొని, ముదురు ఊదారంగు గల చిన్న ఉబ్బుగా, ఆవగింజ అంటించినట్లు కనబడును.

చిట్టాకుల నడుమ పుల్ల ఉన్నచో తంటెము. కాడ మొదట బుడిపె ఉన్నచో కసివింద. ఈ గుర్తులో మరియొక సౌలభ్యమును కలదు. కసివిందకు సోదరి వంటి పైడితంగేడు అను మొక్కకు చిట్టాకుల జతలు ఇంకను ఎక్కువ, కాయ ఉబ్బి గుండ్రముగా ఉండును; దానికిని గ్రంథి కాడ మొదటనే. కాడ మొదట బుడిపె యున్న దానినెల్ల విడిచిపెట్టిన వారికి అదియు బుట్టలో పడదు.

పువ్వులనుగూర్చి పెక్కు మాటలు అవసరము లేదు. తంటెము పువ్వులు ఆకు పంగలో జంటగా వచ్చును, లేత పసుపు. కసివింద పువ్వులు కొమ్మ చివరలందు మూడు నాలుగు కలిసి చిన్న గుత్తిగా వచ్చును.

కాయలు మాత్రము చిన్నపిల్లవానికి కూడ భేదము తెలియునట్లుండును. తంటెము కాయ సన్నని తీగవలె, జానెడు పొడవు వరకు, కొడవలివలె వంగి యుండును; వెడల్పు గోధుమ గడ్డికన్న కొంచెము ఎక్కువ. కసివింద కాయ మూడునాలుగు అంగుళముల నుండి అయిదు అంగుళముల పొడవు, చిటికెనవ్రేలి గోరంత వెడల్పు; బల్లపరుపుగా ఉండి, ముదిరినప్పుడు నడుమ గోధుమరంగు పట్టీ, అంచులు లేతరంగు కలిగియుండును. తంటెము కాయలు క్రిందికి వంగి వ్రేలాడుచుండగా కసివింద కాయలు కొంచెము పైకి తిరిగి నిలుచును. విత్తనములు చూడుడు: తంటెము గింజ నిగనిగలాడు గోధుమరంగు, పలకలు తీర్చినట్లు ఏటవాలు కోణములు గలది. కసివింద గింజ చదునుగా, ఇంచుమించు గుండ్రముగా, మెరుపు లేని మట్టిరంగుగా ఉండును. కసివింద కాయ నొలిచినచో గింజకు గింజకు నడుమ పలుచని అడ్డుపొరలు కనబడును. పచ్చికాయలోని గింజ చూచుటకు బఠానీ, పెసరల వలె పిల్లలను ఆకర్షించును. అసలు అపాయమంతయు అక్కడనే యున్నది.

పిల్లల సంగతి

ఉత్తరప్రదేశ్ పశ్చిమ జిల్లాలలో, బిజ్నోర్, సహరాన్‌పూర్ ప్రాంతములలో, ఏటేట వానకాలము వెళ్ళి చలికాలము వచ్చు రోజులలో పల్లెలలోని పసిబిడ్డలు హఠాత్తుగా వాంతులు చేసికొని, తెలివి తప్పి మరణించుచుండెడివారు. చాలకాలము దీనిని మెదడువాపు జ్వరమని తలచిరి, దోమలకు మందులు కొట్టిరి. బిజ్నోరు పిల్లల వైద్యుడు డాక్టరు విపిన్ వశిష్ఠ, వెల్లూరులో ఆచార్యులుగా పనిచేసిన వైరస్ శాస్త్రజ్ఞుడు డాక్టరు టి. జాకబ్ జాన్ మొదలగువారు జబ్బుపడిన పిల్లలను, పడని పిల్లలను పోల్చి విచారింపగా, జబ్బుపడిన వారు ఆటలలో కసివింద గింజలు తినియుండిరని తేలినది. ఈ ఫలితములను వారు 2007లో ప్రకటించిరి. విషము కాలేయమును, కండరములను, మెదడును ఒక్కమారుగా దెబ్బతీయునని కనుగొనిరి. అటుతరువాత లక్నోలోని భారతీయ విషశాస్త్ర పరిశోధన సంస్థవారు ఈ గింజలలోని ఆంత్రాక్వినోన్లు అను పదార్థములు, ముఖ్యముగా రీన్ అనునది, రోగుల రక్తములోను మూత్రములోను ఉన్నట్లు చూపిరి.

ఇది ఎక్కడనో ఉత్తరదేశపు సంగతియని కొట్టివేయరాదు. మన అల్లూరి సీతారామరాజు జిల్లాను ఆనుకొని యున్న ఒడిశాలోని మల్కనగిరి జిల్లాలో 2016వ సంవత్సరమున వానకాలము చివర ఎందరో గిరిజనుల బిడ్డలు మరణించిరి. కొందరిలో జపానీస్ మెదడువాపు వైరస్ కనబడినది. కొందరి మరణమునకు బన చకుండయే కారణమని అక్కడికి వెళ్ళిన నిపుణులు తేల్చిరి. పైన చెప్పిన చకుండ, బన చకుండ పేర్లను మరల ఒకమారు తలచుకొనుడు.

కావున ఆశ్వయుజ, కార్తీక మాసములలో, అనగా కసివింద కాయ పచ్చిగా నిండియుండు రోజులలో, పిల్లవాడు జ్వరము పెద్దగా లేకుండనే ఆగకుండ వాంతులు చేసికొని, వింతగా ప్రవర్తించి మగతలో పడినచో, దిష్టియని దిగదుడుపులు తీయుచు ప్రొద్దుపుచ్చక వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. వాడు ఏమి తినెనో తోటి పిల్లలను అడిగి తెలిసికొని, ఆ కాయను కొమ్మతోసహా వైద్యునికి చూపవలెను. ఈ విషమునకు ప్రత్యేకమైన విరుగుడు లేదు; ఎంత త్వరగా చేర్చిన అంత మేలు.

కసివింద లేత ఆకును కొన్ని చోట్ల ఉడికించి తినుచున్నారు గదా, ముదురు గింజలను వేయించి కాఫీ గింజలకు బదులు వాడుదురు గదా యని అడుగువారుందురు. నిజమే. బాగుగ వేగిన గింజలో విషము కొంత తగ్గును. అయితే ఎంత వేగినచో ఎంత తగ్గునో వంటింటిలో కొలుచు సాధనము లేదు. తంటెము దొరకు ఊరిలో కసివింద ఆకు తినవలసిన అవసరము నాకు కనబడదు.

పశువులు

పచ్చగా ఉన్న కసివిందను దాని వాసన చేతనే పశువులు ముట్టవు. ఈ నమ్మకముతో రైతు దానిని గట్టున వదలివేయును. కాని ఎండిన పిదప వాసన తగ్గును. జొన్న చొప్పలో కలిసి వచ్చిన కసివింద కట్టెను, కాయను చొప్పకోత యంత్రములో ముక్కలు చేసినచో పశువు ఏరి వదలజాలదు. అట్లే సోయా, జొన్న, కంది నూర్పిడిలో కలిసిన గింజలు దాణాలోనికి పోవును. కోళ్ళ దాణాలో పడినను నష్టమే.

తినిన పశువునకు మొదట పారుడు పట్టును. తరువాత వెనుకకాళ్ళ పట్టు తప్పి తూలును. మూత్రము కాఫీ డికాషన్ రంగుకు తిరుగును. కండరములు చెడి రంగు మూత్రములో దిగుటయే ఇందుకు కారణము. చివరకు పడిపోయి లేవలేదు. విచిత్రమేమనగా, పడిన పశువు చాల సేపు తెలివిగానే ఉండి మేత కూడ నమలుచుండును. దానిని చూచి రైతు రేపు లేచునని ఎదురు చూచును. గుండె కండరము కూడ చెడును గనుక లేపుటకు బలవంతముగా నడిపింపరాదు. అనుమానపు మేతను తీసివేసి పశువైద్యుని పిలువవలెను.

తంటెమును పూర్తిగా నిర్దోషియని చెప్పుట లేదు. దాని గింజలలోను ఆంత్రాక్వినోన్లు కలవు. తామరకు పూతగా పనిచేయుట ఆ గుణము చేతనే. పచ్చి గింజలను దాణాలో ఎక్కువగా కలుపరాదు. కొరియా, జపాను దేశములలో ఈ గింజలను, దాని తోబుట్టువు గింజలను వేయించి కషాయముగా త్రాగుదురు.

విత్తనము అమ్ముకొనువారికి

తంటెము గింజ పప్పునుండి తీయు బంక పెంపుడు జంతువుల డబ్బా ఆహారములలోను, ఇతర ఆహారములలోను చిక్కదనమునకు వాడబడుచున్నది. మన దేశమునుండి ఎగుమతియగుచున్నది. కేంద్ర ప్రభుత్వము కనీస మద్దతు ధర ప్రకటించిన చిన్నతరహా అటవీ ఉత్పత్తులలో ఈ విత్తనము చేరినది. ఐరోపా ప్రమాణము ప్రకారము ఈ బంకలో కసివింద నూటికి 0.05 పాలు మించరాదు. ఇది బంకకు చెప్పిన లెక్క. దానినే విత్తనమునకు అన్వయించి చూచినచో క్వింటాలుకు 50 గ్రాములు, అనగా ఒక పిడికెడు. ఒక మంచి కసివింద మొక్క కాయలన్నియు పొరబాటున ఒకే గోనెలో పడినచో ఆ పిడికెడునకు చేరువయగుట కష్టము కాదు.

గింజలు కలిసిన తరువాత జల్లెడతో విడదీయుట సాధ్యము కాదు, పరిమాణములో రెండును దగ్గరగా ఉండును. చేటలో పోసి ఏరించిన కూలి గింజ ధరను మించును. అందుచేత వేరుపరచు పని చేలోనే, కాయమీదనే జరుగవలెను. నూర్పిడి కళ్ళములోనికి మొక్కలను పెరికి మోపులుగా తెచ్చు అలవాటు మానవలెను. సన్నకాయలను మాత్రమే కోసి తెచ్చిన యెడల కలుషితమగు భయముండదు. అంతకన్న సులభమైనది, ఏరుకొను తావులో భాద్రపదములోనే తిరిగి, పూవు పట్టిన కసివిందను ముందుగా పెరికివేయుట.

వయ్యారిభామ కలుపును అణచుటకు బీళ్ళలో తంటెం విత్తనము చల్లుడని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. పద్ధతి మంచిది. కాని ఎవరో తెచ్చి యిచ్చిన మూటను విప్పి చూడకుండ చల్లినచో ఒక పీడను తొలగించి, బడి వెనుక బీటిలో అంతకన్న చెడ్డదానిని నాటినట్లగును. చల్లుటకు ముందు ఒక దోసెడు గింజలు తెల్లగుడ్డపై పోసి, నిగనిగలాడు పలక గింజల నడుమ చదునైన మట్టిరంగు గింజ ఏదైన ఉన్నదేమో చూడుడు.

పెరుకుట, ఎరువు

ఈ రెండును చిక్కుడు కుటుంబములోనివగుటచే నేలకు నత్రజని సమకూర్చునని కొందరు రైతులు గట్లపై పెరుగనిచ్చుచున్నారు. వేళ్ళు పెరికి చూచినచో జనుము, పిల్లిపెసరలకు ఉన్నట్లు బుడిపెలు ఉండవు. గాలిలోని నత్రజనిని ఇవి పట్టజాలవు. అయినను నేలలో ఉన్నదానినే తీసికొని ఆకులో నిలువచేయును గనుక, పూతకు ముందు కోసి మడిలో త్రొక్కినచో పచ్చిరొట్టగా పనికివచ్చును. కసివిందను కూడ పూవు పట్టకముందు ఇట్లు వాడవచ్చును. కాయ తయారైన మొక్కను మాత్రము మడిలోను, పెంటకుప్పలోను వేయరాదు. గింజ పైపొర మిక్కిలి గట్టిది. నేలలో ఏండ్ల తరబడి చెడక నిలిచి, దుక్కిలో పైకి వచ్చినప్పుడెల్ల మొలచును.

కసివిందను కొడవలితో కోసిన లాభము లేదు, మొదలునుండి మరల చిగుర్చును. నేల తడిగా ఉన్న రోజున వేరుతో పెరుకవలెను. మొట్టమొదట పెరుకవలసిన తావులు చేలు కావు: అంగన్‌వాడి ఆవరణ, బడి గోడ వెనుక, నీళ్ళ కుళాయి ప్రక్క, పశువుల కొట్టము చుట్టు, ఇంటి పెరటి దిబ్బ. పెంట, మురుగు నీరు చేరు చోట్లనే కసివింద బలముగా పెరుగును, పిల్లలు ఆడుకొనుటయు అక్కడనే. శ్రావణములో ఒకమారు, భాద్రపదము చివర మరియొకమారు ఈ తావులు చూచుకొన్నచో కాయ పట్టు మొక్క ఊరిలో మిగులదు. ఒకవేళ ఆలస్యమై కాయలు పట్టియున్నచో, ముందుగా కాయలను సంచిలోనికి కోసికొని తగులబెట్టి, ఆ పిమ్మట మొక్కను పెరుకుడు. ఈ పని పిల్లలచేత చేయింపవలదు. కాని పెద్దలు పెరుకునప్పుడు వారిని ప్రక్కన నిలుపుకొని, కాడ మొదటి బుడిపెను, చదునైన కాయను వారి కంటికి చూపుడు.